మూడు రోజుల కాగితం

ట్రంకుకు కట్టిన తాడును ముసలాయన మళ్ళీ విప్పాడు.

అది మూడోసారి.

"ఏం తాతా, అది ట్రంకా, పెళ్ళికూతురి జడా?" హవల్దారు గోపీనాథ్ పళ్ళు నూరాడు.

"బండి కుదుపుకి వొదులైపోద్ది బాబూ. గట్టిగా ఉండాల కదేటి" అన్నాడు ముసలాయన తాపీగా.

తాపీ అనే సరుకు ఆ పూట గోపీనాథ్ ఇంట్లో చిటికెడు కూడా లేదు.

కోల్‌కతా నుంచి జోధ్‌పూర్‌కు బదిలీ. ప్రయాణానికి ఆఫీసు ఇచ్చింది మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్న అక్కడ హాజరు కాకపోతే రికార్డులో ఎర్ర సిరా పడుతుంది. ఎర్ర సిరా పడితే చేతిదాకా వచ్చిన ప్రమోషన్ పోతుంది.

ఖిదిర్‌పూర్‌లోని ఈ అద్దె ఇంటి నుంచి సామాను ఎనిమిదిలోగా కదలాలి. ఆ తర్వాత లారీలను రోడ్డెక్కనివ్వరు. సామాను షాలిమార్ స్టేషన్లో రైలెక్కాక, భార్యనూ కూతురినీ తీసుకుని తను సొంత కారెక్కాలి.

గడియారం ఏడు దాటింది.

"ఎన్ని దినాలిచ్చారు బాబూ?" ముసలాయన అడిగాడు.

"మూడు."

"రైలుకా, కారుకా?"

"దారికి!"

"మూడంటే రైలు లెక్క. నువ్వేమో వాకిట్లో ఉన్న కారేసుకుని ఎల్తన్నావు. దూరమెంతేటి?"

"పంతొమ్మిది వందల కిలోమీటర్లు."

"మరి నిద్దరెప్పుడోతావు?"

"జోధ్‌పూర్ వెళ్ళాక!"

తాడు కడుతున్న చేతులు ఆగాయి.

"ఆపీసుకెల్లి అడగరాదేటి? కారైతే ఆరు దినాలు రాసిస్తారు."

"ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. నాకు రూల్సు నేర్పడానికి నువ్వెవరయ్యా? ముందు తాడు కట్టు!"

ముసలాయన కట్టాడు. ఓసారి లాగి చూశాడు. నచ్చలేదు. విప్పాడు.

గోపీనాథ్ నోరు తెరిచేలోగా భార్య మంగాదేవి అడ్డొచ్చింది.

"పెద్దవాడండీ. పోనివ్వండి."

"పోనిద్దామనే చూస్తున్నా. పోతేగా!"

ఇంతలో ఏడేళ్ళ కూతురు చిన్ని వచ్చి ట్రంకు మీద కూర్చుంది. ముసలాయనకు అంతకన్నా ఏం కావాలి?

"పాపా, ఈ హుగ్లీ నదిలో ఒక మొసలుండేది. ఓ సిపాయి ట్రంకుని గుటుక్కున మింగేసింది. పన్నెండేళ్ళ తరవాత రేవులో దొరికితే పొట్ట కోసి చూశారు. ట్రంకులో చొక్కా ఇస్త్రీ కూడా నలగనేదు!"

"మరి మొసలో?"

"సర్కారు సామాను అంత బద్రంగా దాసింది కదా. పొట్ట కుట్టించి పింఛనిచ్చారు."

చిన్ని పడీపడీ నవ్వింది. అదేమిటో తెలియాలని సామాను మోసే కుర్రాళ్ళు పట్టుబట్టారు. ముసలాయన వాళ్ళకు బెంగాలీలో మొదలుపెట్టాడు. భాష మారేసరికి మొసలి ఇంకో నాలుగు మూరలు పెరిగింది. "తర్వాత, దాదూ?" అని తాతను బతిమాలుతూ నలుగురూ పెట్టెల మీద కూలబడ్డారు.

లోపల గిన్నెల పెట్టె సర్దిన గోపీనాథ్ బయటికొచ్చేసరికి ఎనిమిదీ పది.

లారీ ఇక రాత్రికే. కారు రేపటికి. మిగిలేది రెండు రోజులు.

గోపీనాథ్ తాడు లాక్కుని వీధిలోకి విసిరాడు.

"పో! ఇంకోసారి ఈ గుమ్మంలో కనిపిస్తే ముసలాడివని కూడా చూడను!"

ముసలాయన మొహంలో కోపం లేదు. భుజం మీద గమ్ఛా తువ్వాలు సర్దుకుని చిన్ని తల నిమిరాడు.

"ఆపీసుకెల్లు బాబూ. ఇప్పుడెలాగూ ఎల్లాల కదా."

సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

గోపీనాథ్ సామాను కాంట్రాక్టరు సంజయ్‌కి ఫోను కలిపాడు.

"ఏమయ్యా, పనికి పంపేది ఇలాంటి మనిషినా?"

"ఎవరు సార్?"

"ఆ ముసలాయన!"

"మా మనిషి కాదు సార్. మేడమ్‌గారితో తెలుగులో మాట్లాడుతుంటే, మీ నాన్నగారేమో అనుకున్నారట మా కుర్రాళ్ళు!"

గోపీనాథ్ భార్య వైపు తిరిగాడు.

"వాళ్ళతో బెంగాలీలో మాట్లాడుతుంటే, వాళ్ళ మేస్త్రీ అనుకున్నానండీ" అంది మంగాదేవి.

ఎవరి మనిషీ కానివాడు పొద్దుటి నుంచీ తన పని చెడగొట్టాడు! గోపీనాథ్ ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఆఫీసుకు వెళ్ళాడు. పెద్ద గుమాస్తా మైతీ బాబు ముందు మాత్రం గొంతు తగ్గింది.

"సామాను ఆగిపోయింది దాదా. ఒక్క రోజు పెంచితే..."

"రైల్లో వెళ్తున్నారా, కార్లోనా?"

"కార్లో."

"ఫారంలో రైలు అని రాశారే?"

"అందరూ అలాగే రాస్తారని..."

మైతీ నిట్టూర్చి కొత్త కాగితం తీశాడు.

"సొంత కారు, కుటుంబంతో. ఆరు రోజులు. సంతకం పెట్టండి."

"ఆరా? ఈ రూలు ఎప్పుడొచ్చింది?"

"రెండేళ్ళయింది. అడిగినవాళ్ళకు ఇస్తాం. అడిగేవాళ్ళేరీ?"

గోపీనాథ్ సంతకం పెట్టాడు.

"పొద్దున్న ఒక ముసలాయన ఇదే చెప్పాడు. మా తెలుగాయనే. తిట్టి తరిమేశాను."

మైతీ కళ్ళజోడు తీశాడు.

"పెద్దిరాజు దాదూనా?"

"పేరు అడగలేదు. ఇల్లెక్కడో చెప్పండి దాదా, వెళ్తాను."

"మాకూ తెలీదు. సైనికుడి ఇల్లు ఖాళీ అవుతోందని తెలిస్తే చాలు, ఎక్కణ్ణుంచో వచ్చి అడ్డం పడతాడు."

"ఎందుకు?"

మైతీ ముద్ర వేసి, కాగితం గోపీనాథ్ ముందుకు జరిపాడు.

"ఈ ఆరు రోజుల రూలు కోసం పద్నాలుగు నెలలు ఈ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నది ఆయనే. మేమిచ్చిన మూడు రోజులతో కారెక్కిన ఆయన కొడుకు దుర్గారావు హవల్దారూ, కోడలూ, మనవరాలూ నిద్ర లేని మూడో రాత్రి రోడ్డు మీదే ప్రాణాలు వదిలారు."