నాబ్ తిప్పే చెయ్యి

కల్లూరులో, డిక్కీలో బిగించిన కొత్త సబ్‌వూఫర్ మోగిస్తే పక్కింటి నాగక్క గిన్నెలు అటక మీంచి దొర్లుతున్నాయని, చీకటి పడగానే రవీందర్ కొత్త పెళ్లాన్ని, పాత కారును అడవి దారికి తీసుకొచ్చాడు. లేపిన డిక్కీ వెనక నిలబడి అతను నాబ్ తిప్పాలి. ముందు సీట్లో కూర్చుని పుష్పలత విని చెప్పాలి.

"ఇంకొంచెం పెంచయ్యా, గుండె అదరాలె!"

బేస్ పెరిగింది. ఆమె కిలకిలా నవ్వింది.

"అబ్బ, గంతనా? తగ్గించు."

తగ్గింది. ఎన్నిసార్లు మాట మార్చినా వెనక నుంచి ఒక్క విసుగు లేదు. ఇంత ఓపికైన మొగుడు దొరికాడని పుష్పలత మురిసిపోయింది.

అంతలో ఎదురుగా, హెడ్‌లైట్ల వెలుగులోకి, దోసెడు అడవిమల్లెలతో రవీందర్ నడిచొచ్చాడు. కిటికీలోంచి ఆమె ఒళ్లో పోశాడు.

అతని మాట ఆమెకు వినబడాలన్నట్టు, వెనక బేస్ మెల్లగా తగ్గింది.

"నీ కోసమే పోయిన. ఎవరితోని ముచ్చట పెడుతున్నవ్?"

"జల్దీ బండెక్కు."

"డిక్కీ ముయ్యొద్దా?"

వెనక్కి వెళ్లబోతున్న అతని చేతిని ఆమె రెండు చేతులా పట్టుకుంది. "నువ్వు పోవద్దు."

డిక్కీ చప్పుడు కాకుండా మూసుకుంది. ఎవరో ఒదిగి కూర్చున్నట్టు, బండి వెనక భాగం కొద్దిగా కుంగింది.