పెళ్లిబుట్ట యంత్రం

పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసే రోజులు పోయాయి. ఇప్పుడు ఎవరిని తూచినా నూట యాభై కిలోలు. మేనమామల మోకాళ్లూ అరిగిపోయాయి. తణుకులో ఏ పెళ్లికైనా బుట్ట మోసేది నా యంత్రమే. ఒక్కనాడూ మొరాయించలేదు.

నిన్న పెళ్లికూతురు ప్రణవే మొరాయించింది.

"ఇరవై అడుగులే కదా మావయ్యా, నడిచెళ్దాం."

"నా ఆయాసం నీకు తెల్సు కదమ్మా," అన్నాడు మేనమామ అబ్బులు.

"ఆర్నెల్ల నుంచి రోజూ డాబా మీద నడుస్తున్నాను. నా చెయ్యి పట్టుకో."

చేతిలోని కొబ్బరిబొండాన్ని బుట్టలో పెట్టి, మామ చెయ్యి అందుకుంది. దారిలో రెండుసార్లు ఆగారు. పంతులుగారు తొందరపెట్టలేదు. చక్రాల కుర్చీల్లో చుట్టాలు ఊపిరి బిగబట్టి చూశారు. మండపం మెట్టు మీదికి మేనమామను పెళ్లికూతురే ఎక్కించింది.

ఆ పెళ్లిలో నా యంత్రం మోసింది ఒక్క కొబ్బరిబొండాన్నే.