నాలుగో అంతస్తు అద్దె

ఆ నెల ఒకటో తారీఖున వగీహ్ రాలేదు.

ఆరేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. ఇన్సాఫ్ సాయంత్రం దాకా టీ గిన్నె పొయ్యి మీదే ఉంచింది.

ఆమె ఉండేది కాలువకు ఇవతల, పోర్ట్ ఫువాద్‌లో. అద్దెకిచ్చిన ఫ్లాటు అవతల, పోర్ట్ సయీద్‌లో, నీటికి ఎదురుగా నాలుగో అంతస్తులో ఉంది. ఒక్కగానొక్క కొడుకు తామిర్ స్నానాల గదిలో గ్యాస్ హీటరు వల్ల పోయింది అక్కడే. ఆ తర్వాత ఆమె కాలువ దాటే ఫెర్రీ ఎక్కలేదు. తాళాలు, వసూళ్లు, మరమ్మతులు అన్నీ ఏజెంటు వగీహ్‌కు అప్పజెప్పింది.

తిండికీ మందులకూ ఆ అద్దే ఆధారం.

మొదటి ఏడాది ఫ్లాటు ఖాళీగానే ఉంది. ఒక సాయంత్రం ఆమె కిటికీ దగ్గర నిలబడితే, అవతల తన ఫ్లాటులో లైటు వెలుగుతోంది. వగీహ్ రాగానే సంతోషంగా అడిగింది.

"లైటు కనిపిస్తోంది. ఎవరైనా చేరారా?"

వగీహ్ తాగబోతున్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"చేరారు, ఉమ్మ్ తామిర్. కుట్టుపని చేసుకునే మనిషి. పేరు సనీయా."

తామిర్ తల్లీ అని ఆమెను ఇంకా పిలిచేది అతనొక్కడే.

ఆ నెల నుంచి అద్దె తప్పలేదు. వగీహ్ తన కమిషను కోసుకుని మిగతాది కవరులో పెట్టి ఇచ్చేవాడు. ఒకసారి కుళాయి బాగుచేయించానని రెండు వందల పౌండ్లు తగ్గించాడు. ఇన్సాఫ్ ఈద్‌కు చేసిన బిస్కెట్లు సనీయాకు పంపేది. చక్కెర కాస్త ఎక్కువైందట అని వచ్చి చెప్పేవాడు.

రెండో నెల కూడా వగీహ్ రాలేదు. ఫోను మోగింది, ఎవరూ తీయలేదు. సనీయానే అడుగుదామంది ఇన్సాఫ్. తమ్ముడి కొడుకు హుసామ్ నవ్వాడు.

"ఏమని అడుగుతావత్తా? ఆవిడ ఏజెంటు చేతిలో పెడితే నీకిచ్చినట్టే లెక్క. మింగింది వాడు. వాడి అమానతు కాగితం నీ దగ్గరుందిగా."

తాళాలు తీసుకున్న రోజున వగీహ్ సంతకం చేసిన కాగితం అది. ఆమె సొమ్ము తన దగ్గర నమ్మకంగా ఉందని అందులో రాసి ఉంటుంది. అడిగినప్పుడు సొమ్ము చూపకపోతే జైలే.

హుసామ్ దాన్ని పోలీసు స్టేషనులో ఇచ్చాడు.

మూడో రోజున వగీహ్ చెల్లెలు దవ్లత్ ఫెర్రీ ఎక్కి వచ్చింది. అన్నకు ఊపిరితిత్తులు పాడై రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉన్నాడంది. పోలీసులు మంచం దగ్గరికే వచ్చారట.

"అద్దె తీసుకున్నాను, వాడేసుకున్నాను అని రాసిచ్చాడమ్మా," అంది తల దించుకుని. "మా ఇంట్లో ఇలాంటి మనిషి పుడతాడనుకోలేదు. అన్నయ్యతో మాట్లాడటం మానేశాను."

చేతి బంగారు గాజు తీసి బల్ల మీద పెట్టింది. రెండు నెలల అద్దెకు సరిపోతుందంది.

ఇన్సాఫ్ తీసుకుంది.

నాలుగు రోజులకు వగీహ్ పోయాడు.

ఇకమీదట అద్దె తనకే ఇమ్మని సనీయాకు చెప్పాలి. ఏడేళ్ల తర్వాత, ఒక సాయంత్రం ఇన్సాఫ్ ఫెర్రీ ఎక్కింది.

బిల్డింగు కాపలాదారు బఖీత్ ఆమెను గుర్తుపట్టి, కుర్చీ తుడిచి వేశాడు. సనీయా ఇంట్లో ఉందా అని ఆమె అడిగింది.

"ఏ సనీయా?"

"నాలుగో అంతస్తు."

"అక్కడెవరూ లేరు కదమ్మా. మీ అబ్బాయి తర్వాత ఎవరూ చేరలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు సాయంత్రం దాకా కూడా ఆగలేదు."

"మరి లైటు?"

కరెంటు ఎప్పుడో తీసేశారని, మీటరు కూడా లేదని బఖీత్ మెల్లగా చెప్పాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు లైటు దానంతటదే వెలుగుతుందట. కాసేపటికి స్నానాల గదిలో కుళాయి తిప్పిన చప్పుడు వస్తుందట. బిల్డింగులో అందరికీ తెలుసు. ఆమె చెవిన వేయకూడదని వగీహ్ అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

"ఆ తల్లి ఎవరో చేరారని సంబరపడింది, ఎవరూ లేరని ఏ నోటితో చెప్పను అనేవాడమ్మా. నెలాఖరున వచ్చి, ఊడ్చి, ఒక్కడే కాసేపు కూర్చుని వెళ్లేవాడు. తక్కిన ఇళ్ల మీద వచ్చిన కమిషనంతా ఏం చేస్తాడో మాకు అర్థమయ్యేది కాదు."

ఇన్సాఫ్ తాళాలు అడగలేదు. రెయిలింగు పట్టుకుని నాలుగు అంతస్తులూ ఎక్కింది.

తలుపు కింద సన్నగా వెలుతురు గీత ఉంది. లోపల నీళ్లు పడుతున్నాయి.

ఆమె తలుపు తట్టలేదు. కుళాయి కట్టేసిన చప్పుడయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది.

దవ్లత్‌కు నిజం చెప్పాలంటే, ఆ ఫ్లాటులో ఎవరున్నారో ముందు తన నోటితో తాను చెప్పాలి.

వగీహ్ దొంగ కాదని దవ్లత్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదు.