మడకశిరామె

"నీలావతి అంటే ఎవరమ్మా?"

ఆ ప్రశ్న ఎన్ని గుమ్మాల ముందు అడిగాడో అశోక్‌కే గుర్తులేదు.

ధర్మవరంలో అదొక మగ్గాల వీధి. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. కానీ నీలావతి ఎవరో ఒక్కరికీ తెలియదు.

మున్సిపల్ ఎన్నికల్లో నామినేషన్లు వెనక్కి తీసుకోడానికి అదే ఆఖరు రోజు. మధ్యాహ్నం మూడు దాటితే ఇక కుదరదు.

అశోక్ అక్క మాధవీలత ఆ వార్డులో కౌన్సిలర్ అభ్యర్థి. పోటీలో మిగిలింది ఒక్కరే. స్వతంత్ర అభ్యర్థి నీలావతి. ఆమె కూడా తప్పుకుంటే ఏకగ్రీవం. ఏకగ్రీవంగా గెలిస్తే చైర్మన్ కుర్చీ మాధవీలతకేనని పార్టీ పెద్దలు మాటిచ్చారు.

"డోర్ నంబర్ పాతది. ఫోన్ స్విచాఫ్. మనిషిని యాడని వెతికేదన్నా?" అన్నాడు డ్రైవర్ పౌలు.

అరుగు మీద దారం చుడుతున్న ముసలాయన నవ్వాడు.

"పేరు చెప్తే ఎట్ల తెలుస్తాదప్పా? ఈ వీధిలో కోడండ్లను పేర్లతో పిలిచేది లేదు. గోరంట్ల నుంచి వస్తే గోరంట్లామె. అగళి నుంచి వస్తే అగళామె. ఏ ఊరామెనో చెప్పు, ఇల్లు చూపిస్తా."

"ఏ ఊరో మాకేం తెలుసు తాతా?"

"అట్లయితే తిరుగు. ఎండ బాగుండాది."

వీధి చివర కొళాయి దగ్గర ఒకామె బిందె దించి ఇటు తిరిగింది.

"నా పేరే నీలావతి. ఏం కావల్ల?"

అశోక్‌కు ప్రాణం లేచొచ్చింది.

"మున్సిపల్ ఆఫీసులో ఒక్క సంతకం పెట్టాలక్కా. కారుండాది, రా."

"ఇప్పటికి గుర్తొచ్చినానా మీకు?"

"నీకేం కావాలో అన్నీ చేస్తాంలే. ఈడ మాటలొద్దు."

ఎవరైనా వింటే పని చెడుతుందని అతని భయం. ఆమె బిందె పక్కింట్లో పెట్టొచ్చి కారెక్కింది.

అంతలో ఒక ముసలామె చెప్పులీడ్చుకుంటూ వచ్చి కారు కిటికీ పట్టుకుంది.

"మున్సిపల్ ఆఫీసుకేనా నాయనా? నన్నూ ఆడ దించు. ఈ ఎండలో నడవలేను."

"మా మడకశిరామెలే, ఎక్కనీండి," అంది కొళాయి దగ్గరామె.

కారు కదిలింది.

"ఆఫీసులో నీకేం పని అవ్వా?" పౌలు అడిగాడు.

"తలకెత్తుకున్న పనొకటి ఉండాది. నా కొడుకు వద్దంటాండాడు. ఈ వయసులో నీకెందుకమ్మా అని అన్నం గూడా సరిగా తినేది లేదు. తెంచుకొని వద్దామని పోతాండా."

"ఏం పని?"

అశోక్ ఫోన్ మోగింది. బావ అమర్‌నాథ్.

"దొరికింది బావా. కార్లోనే ఉండాది. దండలకు చెప్పు."

ఆఫీసుకు చేరేసరికి రెండున్నర దాటింది. ఎన్నికల అధికారి గదిలోకి కొళాయి దగ్గరామెను తీసుకెళ్తూ అశోక్ పౌలుతో అన్నాడు.

"మన పనయ్యేదాకా ఎవర్నీ రానీయొద్దు."

ముసలామె గుమ్మం దాకా వచ్చింది.

"నన్నూ పోనీ నాయనా. ఒక్క సంతకమే."

"మాదీ ఒక్క సంతకమే అవ్వా. మా తర్వాత నువ్వు. కూర్చో."

ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. ఊరికే ఉండలేక పౌలుతో మాట కలిపింది.

"వానొస్తే మా వీధి మురుగంతా మగ్గం గుంతల్లోకే వస్తాది అబ్బీ. కాళ్లు ఆ నీళ్లలో పెట్టుకొని పట్టుచీర నేస్తాం. ఒక కాలువ కట్టండ్రా అంటే, గెలిచినంక చూస్తామంటారు అందరూ."

"అంత బాధుంటే నువ్వే నిలబడరాదా అవ్వా?" పౌలు నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది.

"నిలబడేది సులభమే. నిలబడనిచ్చేవాళ్లు యాడుండారు?"

లోపల అధికారి కాగితం మీంచి తలెత్తాడు.

"మీ భర్త పేరు?"

"ఓబుళప్ప సార్."

"ఇక్కడ రామాంజినేయులు అని ఉంది. పోటీలో ఉన్న నీలావతి మీరు కాదు."

"పోటీ ఏంది సార్? నేనొచ్చింది ఇంటి పట్టాకు గదా."

అశోక్ గిర్రున ఆమె వైపు తిరిగాడు.

"పట్టా అని నీకెవరు చెప్పినారు?"

"నువ్వే గదబ్బా. ఏం కావాలో అన్నీ చేస్తామంటివి."

అశోక్ గుమ్మంలోకి వచ్చి వరసగా ఫోన్లు కొట్టసాగాడు. ఆ వీధిలో తెలిసినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న. రామాంజినేయులు పేరున్నవాళ్లు వీధిలో నలుగురైదుగురు, వాళ్లలో నీలావతి ఎవరి భార్య అంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. తెలియదు.

ముసలామె మళ్లీ లేచి వచ్చింది.

"నాయనా, టైమైపోతాది. రవ్వంత పక్కకు జరిగితే..."

"టైమైపోయేది మాకు అవ్వా. నీ పని రేపైనా అయితాది. పోయి కూర్చో."

అతని గొంతు విని ఆమె వెనక్కి తిరిగింది. పోయి కూర్చుంది.

మూడయింది.

అధికారి కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"ఈ వార్డులో పోటీ ఇద్దరి మధ్య. మాధవీలత, భర్త అమర్‌నాథ్. నీలావతి, భర్త రామాంజినేయులు."

"యాడుండాది సార్ ఆమె? వీధంతా గాలించినా," అన్నాడు అశోక్.

బల్ల మీద ముసలామె తలెత్తింది. ఆ పేరుతో ఎవరూ పిలిచి చాలా ఏళ్లయినట్టు, ఒక్క క్షణం ఆగి లేచి నిలబడింది.

"ఏం సార్?"

అశోక్ ఆమెకేసి చూశాడు. చేతిలో ఫోన్ మోగుతోంది. అమర్‌నాథ్. అతను తీయలేదు.

"నువ్వా?... ఒక్క మాట చెప్పింటే ఏం పోయె అవ్వా?"

ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"పేరు వెనక్కి తీసుకుందామనే వస్తి నాయనా, నువ్వే కూర్చోబెడితివి."