తాబేలు మేయరు శంకుస్థాపనలు

వాగు మీద వంతెన కట్టిస్తానని మాటిచ్చి తాబేలు ఆ అడవికి మేయరయింది. ఏటా వాగులో దిగి, మెడలో దండ వేయించుకుని, ఒక శంకుస్థాపన రాయి పాతేది. పాత రాయి పక్కనే పాతితే నవ్వుతారని ప్రతిసారీ నాలుగడుగులు ముందుకు జరిగేది. వంతెన మాత్రం లేవలేదు.

ఎనిమిదేళ్లకు ఎన్నికలొచ్చాయి. "ఈసారి నా పని అయిపోయినట్టే" అనుకుని తాబేలు డొప్పలోకి తల లాక్కుంది. ఇంతలో వాగు దగ్గర ఒకటే కేకలు. భయపడుతూ తొంగిచూస్తే, కుందేలు తన పిల్లల్ని వెంటేసుకుని ఆ రాళ్ల మీద గెంతుకుంటూ పోతోంది. ఎనిమిదో రాయి మీద ఆగి వెనక్కి తిరిగింది.

"మేయరు మామా! అవతలి ఒడ్డుకి ఇంకొక్క రాయే తక్కువ. ఈసారీ నువ్వే గెలిచి, ఇంకొక్క శంకుస్థాపన చేసెయ్యి!"

తాబేలు మెడ బారెడు బయటికొచ్చింది.

"దండేదీ?" అంది.