నాలుగో నెల పరీక్ష

"పెద్దాడు పాసయ్యాడు మాస్టారూ! ఇక చిన్నాడిని తీసుకురండి," అంది నర్సు.

మాస్టారి గుండె గుభేలుమంది.

ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేసి, పరీక్ష హాళ్లలో ఎందరి సాక్సుల్లోంచో చీటీలు లాగిన మనిషి ఆయన. ఆయన చెప్పుల చప్పుడు వింటేనే పిల్లలకు చెమటలు పట్టేవి. ఇవాళ ఆ చెమటలు ఆయనకే పడుతున్నాయి.

మనవలు కవలలు. అచ్చు గుద్దినట్టుంటారు. నీలం టోపీ పెద్దాడిది, పసుపు టోపీ చిన్నాడిది. కన్నతల్లి టోపీలు లేకుండానే గుర్తుపడుతుంది గానీ, మాస్టారికి ఆ టోపీలే దిక్కు.

పోయిన నెల నర్సు గిలక్కాయ మోగించినా చిన్నాడు తల తిప్పలేదు. బోర్లా పడుకోబెడితే మెడ ఎత్తలేదు. వచ్చే నెలా ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి రాసిస్తానంది నర్సు. ఇంటికొచ్చి కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాటి నుంచే మాస్టారు చాప పరిచి చిన్నాడికి ట్యూషన్ మొదలుపెట్టారు. ఎదురుగా తనూ బోర్లా పడుకుని మెడ ఎత్తి చూపించేవారు. వాడు ఒకరోజు ఎత్తితే రెండు రోజులు ఎగ్గొట్టేవాడు. ఈలోగా మాస్టారి మెడ పట్టేసింది.

ఇప్పుడాయన నీలం టోపీవాణ్ణి చంకనేసుకుని, నర్సు బల్లకు అడ్డంగా ఉన్న తెర దాటి ఇవతలికి వచ్చారు. కూతురు తన చెకప్ కోసం పై అంతస్తుకు వెళ్లింది. పిల్లల తోపుడుబండిలో పసుపు టోపీవాడు ఆవలిస్తున్నాడు. మాస్టారు చిన్నగా గిలక్కాయ ఆడించారు. ఊహూఁ. చెవి దగ్గర పెట్టి మరీ ఆడించారు. వాడు ఇంకోసారి ఆవలించి కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది మాస్టారూ?"

"వస్తున్నానమ్మా... టోపీ సరిచేస్తున్నా!"

రెండు క్షణాల్లో నీలం టోపీ బండిలోవాడి నెత్తికెక్కింది. పసుపుది చంకలోవాడికి వచ్చింది.

మళ్లీ అదే బల్ల, అదే ఎర్ర బంతి. ఇందాకటి ప్రశ్నపత్రమే కదా, వాడు ఇంకా హుషారుగా చేసేశాడు. మెడా ఛాతీ ఎత్తాడు. బంతి ఎటు పోతే అటు చూశాడు. గిలక్కాయకు గిరుక్కున తిరిగాడు. చివరికి నర్సు కళ్లజోడు కూడా లాగాడు.

"అబ్బో, అన్నకి ఏం తీసిపోలేదే! పెద్దాసుపత్రి అక్కర్లేదు మాస్టారూ. ఇందాక మీరన్న ఆ ట్యూషన్ బాగానే పనిచేసింది," అంటూ కార్డు నిండా టిక్కులు పెట్టింది.

ఒక్కో టిక్కూ మాస్టారికి చురకలా తగిలింది. ఒకడి పరీక్ష ఇంకొకడితో రాయించినందుకు ఓ కుర్రాణ్ణి ఏడాదంతా డిబార్ చేసిన ఘనుడు తను! అది పోనీ, చిన్నాడికి నిజంగానే ఏదైనా లోపం ఉంటే? వైద్యం అందకుండా చేసిన పాపం ఎవరిది? ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచారు.

అంతలో కూతురు తలుపు తోసుకుని వచ్చింది. ఆయన చంకలోవాడి బుగ్గ గిల్లింది. బండిలోకి తొంగిచూసింది.

"హమ్మయ్య, నువ్వే కనిపెట్టి టోపీలు మార్చేశావా నాన్నా, పొద్దున కంగారులో నేనే పెద్దాడిది చిన్నాడికీ, చిన్నాడిది పెద్దాడికీ పెట్టేశాను!"