మనిషి చాటు

"నేను యమున ఎనకాల దాక్కున్నాను," అన్నాడు మోహనకృష్ణ.

బల్లమీద పరిచిన కోట పటంలో రాక్షసులు బాణాలు ఎక్కుపెట్టి ఉన్నారు. ఆట నడిపిస్తున్న అతని చెల్లెలు దుర్గాభవాని పాచికలు వేయబోయి ఆగింది.

"మనం పెట్టుకున్న రూలేటి అన్నియ్యా? మనిషి చాటున దాక్కుంటే నీకు తగలాల్సిన బాణం ఆ మనిషికి తగులుతాది. ముందు ఒదిన్ని అడుగు."

"అడిగేదేటి? యమున కాదనదు."

పాచికలు దొర్లాయి. యమున బొమ్మ చచ్చిపోయింది. కాబోయే మొగుడే కదా అని ఆమె నవ్వేసింది.

"పోనీలే ఒదినా," అంది దుర్గాభవాని. "పెళ్ళి వాయిదా ఎయ్యమని నువ్వడిగితే అన్నియ్య కాదన్లేదు కదా. నాన్నకే ఇంకా కోపం తగ్గలేదు."

యమున నవ్వు ఆగిపోయింది. వాయిదా అడిగింది మావేనని బావ తనతో చెప్పాడు. నౌపడలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా మావ మొహం తిప్పుకుంటుంటే, తానేం తప్పు చేసిందో తెలియక ఏడ్చింది.

"బావా, మావకి నా పేరు సెప్పావా?"

"నాన్న నన్నైతే తిడతాడు. నిన్నేటీ అనడు కదే," అన్నాడతను పాచికలు ఏరుతూ, మామూలుగా.

యమున ఫోన్ తీసి మావకు కలిపింది.

"మావా, వాయిదా అడిగింది నేను కాదు. ఈ పెళ్ళి వద్దంటన్నది మాత్రం నేనే."